ప్రయోగశాల గుమ్మమూ, కళాశాల ద్వారమూ

అమెరికాలో ఏటా జనవరి, ఫిబ్రవరి మాసాలు వచ్చేసరికి విశ్వవిద్యాలయాల ఆచార్యులకు ఒక విధమైన ఉత్తరాలు వరదగా రావడం మొదలవుతుంది. వ్రాసేవారు పదహారు, పదిహేడేండ్ల పిల్లలు. “అయ్యా, నేను ఫలానా ఊరి ఉన్నత పాఠశాలలో పదకొండవ తరగతి చదువుతున్నాను. తమరి పరిశోధనలంటే నాకు మిక్కిలి ఆసక్తి. రాబోయే వేసవిలో తమ ప్రయోగశాలలో పనిచేసే అవకాశం దయచేయించగలరా? జీతం అక్కరలేదు” — ఇదీ వాటి సారాంశం. ఇటువంటి ఉత్తరాలు యాభయ్యో, నూరో వ్రాసే విద్యార్థులు కూడ ఉన్నారు. వాటిలో చాలా వాటికి జవాబే రాదు. మనకు మామిడి పూతకు వచ్చే కాలం ఆ దేశంలో పిల్లల ప్రయోగశాల వేటకు కాలమన్నమాట. న్యూజెర్సీలోను, టెక్సాసులోను, కాలిఫోర్నియాలోను కాపురాలుంటున్న తెలుగువారి ఇండ్లలో ఈ రోజులలో భోజనాల దగ్గర నడిచే ప్రసంగం తరచు ఇదే. బిడ్డలను ఇంటరు కాగానే నేరుగా అమెరికా కళాశాలలకు పంపదలచిన హైదరాబాదు కుటుంబాలకు కూడ ఈ చింత ఇప్పుడు అంటుకున్నది.

ఇంటర్న్‌షిప్ అని వారు పిలిచే ఈ ప్రయోగశాల కొలువు కళాశాల ప్రవేశానికి నిజంగా తోడ్పడుతున్నదా? తోడ్పడితే ఏ విధంగా? దానికోసం ఎవరు ఏమి చెల్లించుకుంటున్నారు? పిల్లలు అడుగుతారు గనుక ఉపాధ్యాయులకు ఈ సంగతి తెలిసి ఉండడం అవసరమని నా నమ్మకం.

మన పద్ధతికి అలవాటుపడినవారికి అక్కడి తీరు మొదట బోధపడదు. మన విద్యార్థికి కళాశాల ప్రవేశమంటే దాదాపుగా ర్యాంకే. జె.ఇ.ఇ. కానీయండి, నీట్ కానీయండి, ఎంసెట్‌గా మనమెరిగిన నేటి ఈఏపీసెట్ కానీయండి, ఒకటి రెండు పూటలు కూర్చొని వ్రాసిన పరీక్షే అతని తలవ్రాతను నిర్ణయిస్తుంది. అతడు కప్పల మీద పరిశోధన చేశాడా, పద్యాలు చెప్పాడా అని అడిగేవాడు లేడు. ఈ పద్ధతిలో కాఠిన్యమున్నది గాని, దాపరికం లేదు. అమెరికాలోని పేరుమోసిన కళాశాలలు అలాకాదు. నాలుగేండ్ల మార్కులు చూస్తవి. శాట్ వంటి పరీక్షల ఫలితాలు చాలాచోట్ల చూస్తవి. విద్యార్థి తన్ను గురించి వ్రాసుకొన్న వ్యాసం చదువుతవి. ఉపాధ్యాయుల ఉత్తరాలు చదువుతవి. చదువు వెలుపల అతడు ఏమి చేశాడో పరిశీలిస్తవి. అన్నిటినీ కలిపి ‘సమగ్రంగా’ తూచుతామంటారు. తూచే త్రాసు మాత్రం బయటివారికి కనబడదు.

ఇక్కడొక చిన్న ముచ్చట. వేయికి పైబడిన కళాశాలలు వాడే ‘కామన్ అప్లికేషన్’ అనే ఉమ్మడి దరఖాస్తులో విద్యార్థి తన వ్యాపకాలను పదింటిని మాత్రమే పేర్కొనవచ్చును. ఒక్కొక్కదాన్ని వర్ణించడానికి ఇచ్చే జాగా ఖాళీలతో సహా 150 అక్షరాలు. ఒక వేసవి అంతా ప్రయోగశాలలో గడిపిన పిల్ల, చేసిన పనీ, చెడిన పనీ, నేర్చినదీ ఆ 150 అక్షరాలలో ఇరికించాలి. మన పెద్దలు పోస్టుకార్డు మీద ఇంతకంటె ఎక్కువే వ్రాసేవారు! మసాచుసెట్సులోని సాంకేతిక విద్యాసంస్థ ఎం.ఐ.టి. తన సొంత దరఖాస్తులో నాలుగు వ్యాపకాలనే చెప్పమంటుంది. పది పేరుకొని చూపించే తాపత్రయం తగ్గాలని ఆ ఏర్పాటు కాబోలు.

ఇన్ని అడిగినా ఏరడం సులభం కావడం లేదు. హార్వర్డు, ఎం.ఐ.టి. వంటి చోట్ల ఇటీవలి సంవత్సరాలలో అర్జీ పెట్టిన నూరుగురిలో ముగ్గురు మొదలు అయిదుగురి వరకే ప్రవేశం దొరుకుతున్నది. మిగిలినవారందరూ మందమతులా అంటే కానే కాదు. మార్కులు చూస్తే వారిలో అనేకులు ప్రవేశం పొందినవారికి ఏమాత్రం తీసిపోరు. అందుచేత మార్కులు సమానమైనచోట ఒకరిని వేరుపరచే గుర్తు ఏదని కళాశాలలూ వెదకుతున్నవి, విద్యార్థులూ వెదకుతున్నారు. ఆ వెదకులాటలో పరిశోధనకు ప్రాముఖ్యం వచ్చింది.

ఆ ప్రాముఖ్యం వట్టి పుకారు కాదనడానికి ఒక ఆధారం న్యాయస్థానంలో బయటపడింది. హార్వర్డు ప్రవేశాలలో జాతి ప్రసక్తిపై 2014లో దాఖలైన వ్యాజ్యం 2018లో బోస్టనులో విచారణకు వచ్చింది; 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పుతో ముగిసింది. ఆ విచారణలో విశ్వవిద్యాలయం గోప్యంగా ఉంచుకొన్న పద్ధతులు కొన్ని వెలికి వచ్చినవి. అర్జీ చదివేవారు విద్యార్థి చదువుకు ఒకటి మొదలు ఆరు వరకు అంకె వేస్తారు, ఒకటి ఉత్తమం. ఆ ఒకటి ఎవరికి వేయాలో చెప్పే సూచనలో మచ్చలేని మార్కులతోపాటు అసాధారణమైన సృజనశక్తి ఉండాలనీ, స్వతంత్రమైన పాండిత్యానికి నిదర్శనం ఉండవచ్చుననీ ఉన్నది. అది దక్కేది మిక్కిలి కొద్దిమందికి. కాని ఆ ఒక్క మాట బయటికి పొక్కిన తరువాత ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. నిదర్శనం కావాలన్నారు గదా! ఇక నిదర్శనాన్ని తయారుచేయడమే పని అవుతుంది.

ఈ కథకు పూర్వరంగం వేరుగా ఉండేది. ఉన్నత పాఠశాల విద్యార్థులను పరిశోధనకు పురికొల్పడం అమెరికాలో నిన్న మొన్నటిది కాదు. రెండవ ప్రపంచయుద్ధం నడుస్తున్న 1942లో, వాట్సన్ డేవిస్ నడిపిన ‘సైన్స్ సర్వీస్’ అనే సంస్థ వెస్టింగ్‌హౌస్ కంపెనీ సహాయంతో ‘సైన్స్ టాలెంట్ సెర్చ్’ అనే పోటీని ప్రారంభించింది. ఏటా నలభైమందిని వాషింగ్టనుకు పిలిపించి, వారు చేసిన పనిపై ప్రశ్నించి బహుమతులివ్వడం దాని పద్ధతి. 1998 నుంచి ఇంటెల్, 2017 నుంచి రీజెనెరాన్ అనే మందుల కంపెనీ దానిని పోషిస్తూ వస్తున్నవి. మొదటి బహుమతి ఇప్పుడు రెండున్నర లక్షల డాలర్లు. ఆ నలభైమందిలో ఒకరుగా నిలిచిన బాలురలో షెల్డన్ గ్లాషో 1979లో, రోల్డ్ హోఫ్మన్ 1981లో, ఫ్రాంక్ విల్చెక్ 2004లో నోబెల్ బహుమతులు అందుకొన్నారు. ఇటీవలి జాబితాలలో భారతీయ సంతతి పిల్లల పేర్లు ఎన్నో కనబడుతున్నవి.

1957లో రష్యా స్పుత్నిక్‌ను ఎగురవేయగానే అమెరికాకు వైజ్ఞానిక విద్యపై కలిగిన కలవరం అందరికీ తెలిసినదే. ఆ సంవత్సరమే ఆర్నాల్డ్ రాస్ అనే గణితాచార్యుడు నోటర్‌డామ్‌లో పిల్లలకు వేసవి గణితశాల ప్రారంభించాడు. తరువాత అది ఒహైయోకు తరలింది. 1959లో కాలిఫోర్నియాలోని ఓహై లోయలో మరొక వేసవి పాఠశాల ఆరంభమైంది. అక్కడి పిల్లల పని రాత్రులు దూరదర్శినితో ఒక చిన్న గ్రహశకలాన్ని ఫోటో తీసి, దాని కక్ష్యను తామే లెక్కకట్టడం. నేటికీ ఆ పని సాగుతూనే ఉన్నది. ఆ లెక్కలు గ్రహశకలాల వివరాలు భద్రపరచే అంతర్జాతీయ కేంద్రానికి పోతవి. అణు జలాంతర్గాముల నిర్మాతగా పేరొందిన అడ్మిరల్ రికోవర్ నెలకొల్పిన సంస్థ 1984లో ‘రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్’ను ప్రారంభించింది. సుమారు నూరుమంది పిల్లలు ఆరు వారాలు ఎం.ఐ.టి.లో ఉండి, పరిశోధకుల చెంత పనిచేస్తారు. రుసుము లేదు.

ఈ ప్రయత్నాలన్నిటికీ ఉద్దేశం దేశానికి శాస్త్రజ్ఞులను సమకూర్చడం. పిల్లకు హార్వర్డులో చోటు సంపాదించి పెట్టడం కాదు. చోటు దొరికితే అది వెంట వచ్చిన లాభం. వరి కోసం పైరు పెడితే గడ్డి తనంత తాను వచ్చినట్లు. ఇప్పుడు గడ్డి కోసమే పైరు పెట్టేవారు బయలుదేరారు.

సరే, ప్రవేశం సంగతికి వద్దాం. రికోవర్ పెట్టిన ఆ శిక్షణలో గడిపిన పిల్లలు పెద్ద సంఖ్యలో ఎం.ఐ.టి.లోను, హార్వర్డులోను చేరుతున్నారన్నది అందరూ చెప్పుకొనే మాటే. దానినిబట్టి ఆ శిక్షణే వారిని చేర్చిందనవచ్చునా? ఆ నూరుమందిని ప్రపంచమంతటి నుంచీ ఏరేటప్పుడు చూసే గుణాలు, కళాశాలలు చూసే గుణాలు దాదాపు ఒక్కటే. జల్లెడ పట్టిన గింజలను మరొక జల్లెడలో పోస్తే అవే నిలుస్తవి. రెండవ జల్లెడలో నిలవడానికి మొదటి జల్లెడ కారణం కాదు.

మరొక ఉదాహరణ మన గణితోపాధ్యాయులకు తరగతిలో పనికివస్తుంది. 2022లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు ప్రవేశాల అధికారి, తాము చేర్చుకొన్న విద్యార్థులలో మూడవ వంతుకు దగ్గరగా ఉన్నత పాఠశాలలోనే పరిశోధన చేసినవారని ప్రకటించారు. ఆ వాక్యం ఊరూరా మారుమ్రోగింది. తల్లిదండ్రులు దాన్ని చదివి, పరిశోధన లేకపోతే ప్రవేశం లేదనుకొన్నారు. కాని ఆ వాక్యంలో లేని అంకె ఒకటి ఉన్నది: చేర్చుకోనివారిలో ఎంతమంది పరిశోధన చేశారు? తిరస్కరింపబడినవారిలో కూడ మూడవ వంతు పరిశోధన చేసినవారే అనుకొందాం. అప్పుడు ఆ పరిశోధన వల్ల ఎవరికీ ఒరిగినదేమీ లేనట్లే. వారిలో పదవ వంతే అనుకొంటే, ఏదో సంబంధం ఉన్నదనవచ్చును. అదైనా కార్యకారణ సంబంధం కానక్కరలేదు. మూడింట రెండు వంతులమంది పరిశోధన ముఖం చూడకుండానే ఆ కళాశాలలో చేరారన్న సంగతి కూడ అదే వాక్యంలో ఉన్నది. దానిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పరిశోధన మీద ఇంత మోజుపడే లోకం ఒక చిన్న నిష్పత్తిని పరిశోధించి చూడకపోవడం విడ్డూరమే.

అయితే ప్రయోగశాల కొలువు నిరుపయోగమని నేననడం లేదు. అది తోడ్పడే మార్గం ఒకటి ఉన్నది. అది దరఖాస్తులోని ఆ 150 అక్షరాలలో లేదు, పత్రికలో అచ్చయిన పేరులోనూ లేదు. విద్యార్థి పనిచేస్తుండగా కళ్ళారా చూసిన మనిషి వ్రాసే ఉత్తరంలో ఉన్నది. “ఈ పిల్ల ఆరువారాలు మా దగ్గర ఉన్నది. మూడవ వారంలో మా కొలతలలో ఒక పొరపాటు పట్టుకొన్నది. మేము ముందు నమ్మలేదు. తిరిగి చేసి చూపింది” అని ఒక పరిశోధకుడు వ్రాస్తే, ప్రవేశాల అధికారి దాన్ని చదివి ఆగుతాడు. అటువంటి సాక్ష్యం మార్కుల పట్టికలో దొరకదు. పరిశోధన చేసినవారు తమ పనిని పంపుకొనడానికి ఎం.ఐ.టి. ప్రత్యేకంగా అవకాశమిస్తూ, పని చేయించిన పెద్ద వ్రాసిన ఉత్తరాన్ని కూడ స్వీకరిస్తున్నది. సాక్షి ఎంత సన్నిహితుడైతే సాక్ష్యానికి అంత బలం. ఒక వేసవిలో రెండుసార్లు పలకరించిన నోబెల్ గ్రహీత ఉత్తరం కంటె, రోజూ ప్రక్కన నిలబడి పిపెట్టు పట్టడం నేర్పిన సామాన్య పరిశోధకురాలి ఉత్తరం విలువైనది.

పదహారేండ్ల పిల్ల ప్రయోగశాలలో చేయగలిగే పని ఏమిటో కూడ తెలియాలి. గాజుసామాను కడుగుతుంది. సీసాలకు చీటీలంటిస్తుంది. పండ్ల మీద ముసిరే డ్రోసోఫిలా ఈగలను మత్తులో ఉంచి, ఎర్రకళ్ళవి ఎన్ని, తెల్లకళ్ళవి ఎన్ని అని లెక్కపెడుతుంది. ఇతరులు సేకరించిన అంకెల పట్టికలో తప్పులు సవరిస్తుంది. పద్ధెనిమిదేండ్లు నిండనివారిని కొన్ని రసాయనాల దగ్గరకు, కొన్ని యంత్రాల దగ్గరకు రానివ్వరు. ఆరేడు వారాలలో, పనిముట్లు పట్టడం నేర్చేసరికే సగం కాలం గడుస్తుంది. ప్రయోగం విఫలమైతే తిరిగి చేయడానికి వ్యవధి చాలదు. ఇది చిన్నతనం కాదు. పరిశోధకులందరూ ఇలాగే మొదలుపెట్టారు. కాని ఈ పనినే ఉన్నదున్నట్లు చెబితే దరఖాస్తులో వెలవెలబోతుందేమోనని భయపడి, “కాన్సరు కణాల జన్యు యంత్రాంగాన్ని శోధించితిని” అని వ్రాయించే సలహాదారులు ఎక్కడ చూసినా ఉన్నారు.

ఇక అంగడి సంగతి. అమెరికాలో పరిశోధనాత్మక వార్తలు వెలువరించే ప్రోపబ్లికా సంస్థ, ఉన్నతవిద్య వార్తల పత్రిక అయిన ‘క్రానికల్ ఆఫ్ హయ్యర్ ఎడ్యుకేషన్’తో కలిసి 2023లో ఒక కథనం ప్రకటించింది. వ్రాసినవారు డేనియల్ గోల్డెన్, కునాల్ పురోహిత్. ధనవంతులు అమెరికా కళాశాలలలో చోట్లు ఎలా కొనుక్కొంటున్నారో గోల్డెన్ 2006లోనే ఒక గ్రంథంలో బయటపెట్టినవాడు. ఈసారి వారు చెప్పినది ఇది: 2,500 డాలర్లు మొదలు 10,000 డాలర్ల వరకు, అంటే రెండు లక్షల రూపాయలకు పైగా మొదలు ఎనిమిది లక్షలు దాటి, పుచ్చుకొని విద్యార్థికి ఒక మార్గదర్శకుణ్ణి సమకూర్చి, ఒక వ్యాసం వ్రాయించి, దాన్ని ఎక్కడో ఒకచోట అచ్చువేయించే సంస్థలు పుట్టగొడుగుల్లా లేచినవి. ఉన్నత పాఠశాల విద్యార్థుల వ్యాసాల కోసమే వెలసిన పత్రికలున్నవి. కొన్నిటిలో పరీక్ష గట్టిగానే జరుగుతుంది. కొన్నిటిలో రుసుము చెల్లించడమే పరీక్ష. గ్రాహకులలో చైనా పిల్లలున్నారు, మన దేశపు పిల్లలూ ఉన్నారు.

డబ్బు పుచ్చుకొనే ప్రతి సంస్థా మోసకారిదనను. గురువుకు దక్షిణ ఇచ్చి నేర్చుకోవడం మనకు తప్పు కాదు. మంచి మార్గదర్శకుడు దొరికిన పిల్ల ఆ ధనంతో నిజంగా ఏదో నేర్చుకోవచ్చును. చిక్కు ఎక్కడ వస్తుందంటే, డబ్బు తీసుకొన్నవాడే సాక్షి కావడంలో వస్తుంది. తన గ్రాహకుని గురించి తాను వ్రాసే ఉత్తరాన్ని ఏ కళాశాల ఎంతవరకు నమ్మాలి? వారు అమ్మినది జ్ఞానమా, సాక్ష్యమా? చదివే అధికారికి ఈ రెండూ ఒకే కాగితం మీద కనబడతవి. కళాశాలల ప్రాంగణాలలోనే రుసుము తీసుకొని నడిపే వేసవి తరగతులు కొన్ని ఉన్నవి. వాటిలో చేరినందువల్ల ప్రవేశంలో ప్రత్యేక లాభం లేదని ఆ కళాశాలలే చెబుతున్నా, తల్లిదండ్రులు చెవిని పెట్టరు.

కలిగిన ఇంటి పిల్లకు ఈ త్రాసులో మొగ్గు ఉన్నదా? ఉన్నదనే చెప్పవలసి వస్తున్నది. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2023లో ప్రకటించిన అధ్యయనం పన్నెండు అగ్రశ్రేణి కళాశాలలను పరిశీలించింది. పరీక్షలో సమానమైన మార్కులు వచ్చిన పిల్లలలో, మధ్యతరగతి పిల్లల కంటె దేశంలోని అత్యంత ధనిక శాతం ఇండ్ల పిల్లలు ఆ కళాశాలలలో చేరే అవకాశం రెండింతలకు పైగా ఉన్నదని తేలింది. కారణాలుగా వారు చూపినవి: పూర్వ విద్యార్థుల సంతానానికి ఇచ్చే పక్షపాతం, ఆటగాండ్ర ఎంపిక, చదువుకు వెలుపలి యోగ్యతలకు వేసే తూకం. పరిశోధనను వారు విడదీసి చూపలేదు గనుక, దోషమంతా దానిమీదికి నెట్టడం న్యాయం కాదు. కాని జీతం లేకుండా రెండు నెలలు ప్రయోగశాలకు వెళ్ళగలిగేది ఎవరు? రోజూ కారులో దింపి తీసుకురాగల తల్లిదండ్రులున్నవారు. వేసవిలో దుకాణంలో పనిచేసి ఇంటికి నాలుగు డాలర్లు తేవలసిన పిల్ల వెళ్ళలేదు. దరఖాస్తు తయారుచేసినవారు ఈ సంగతి ఎరగనివారు కారు. జీతానికి చేసిన పనినీ, ఇంట్లో తమ్ములను సాకడం వంటి కుటుంబ బాధ్యతలనూ కూడ వ్యాపకాల క్రింద వ్రాసుకోవచ్చునని వీలు కల్పించారు. చాలమంది పిల్లలకు అది చెప్పేవారే లేరు.

పేదలకు తెరిచి ఉన్న తలుపులు కొన్ని మూసుకొనిపోవడం ఇంకొక విచారం. ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్.ఐ.హెచ్. వేసవిలో విద్యార్థులను, ఉన్నత పాఠశాలవారిని సైతం, భృతి ఇచ్చి తన ప్రయోగశాలలలో చేర్చుకొనేది. 2025లో ఆ వేసవి కార్యక్రమాన్ని రద్దుచేశారు. రుసుము పుచ్చుకొనే అంగళ్ళు ఆ వేసవిలో కూడ తెరిచే ఉన్నవి.

కృత్రిమ మేధ వచ్చిపడిన తరువాత చిక్కు ఇంకా ముదిరింది. ఆ శాస్త్రంలో పెద్ద సమావేశంగా పేరొందిన న్యూరిప్స్ 2024లో ఉన్నత పాఠశాల విద్యార్థుల వ్యాసాలకు ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచింది. పిల్లలకు ప్రోత్సాహమని కొందరు మెచ్చుకొన్నారు. కళాశాల దరఖాస్తులకు మరొక అలంకారం తయారుచేశారని, సదుపాయాలున్నవారికే అది అందుతుందని పరిశోధకులలోనే కొందరు విసుక్కొన్నారు. నాకు రెండవవారి మాటలో సత్యం ఎక్కువ కనబడుతున్నది. పదునైదేండ్ల పిల్లవాడికి శాస్త్రంలో మొట్టమొదట పరిచయం కావలసినది ప్రశ్న. అతనికి పరిచయమవుతున్నది సమర్పణకు గడువు తేదీ.

కళాశాలలు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. కాల్‌టెక్ అని అందరూ పిలిచే కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ 2025లో ఒక కొత్త పద్ధతి పెట్టింది. దరఖాస్తుతోపాటు పరిశోధన వ్యాసం పంపిన విద్యార్థి కెమెరా ముందు కూర్చొని ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. అడిగేది మనిషి కాదు, కృత్రిమ మేధతో పలికే కంఠం. ఆ దృశ్యాన్ని తరువాత అధ్యాపకులూ, ప్రవేశాల అధికారులూ చూస్తారు. పని నీవు చేసినదేనా, చేస్తే నీకు అర్థమైనదా అని తేల్చుకోవడమే దాని ఉద్దేశం. యంత్రం వ్రాసిందేమో అన్న అనుమానాన్ని తీర్చుకొనడానికి మరొక యంత్రాన్ని నియమించడం చూస్తే నవ్వు వస్తుంది. నవ్వుకొన్నాక ఆలోచిస్తే, వారు తిరిగి చేరుకొన్నది పాతదే: గురువు శిష్యుణ్ణి ఎదుట నిలబెట్టి “ఇది ఎందుకిలా అయింది, చెప్పు” అని అడిగే మౌఖిక పరీక్ష. కాగితానికి విలువ పడిపోయేకొద్దీ నోటిమాటకు విలువ పెరుగుతున్నది.

మన దేశానికి ఇందులో పాఠం లేకపోలేదు. 1999లో కేంద్రప్రభుత్వం కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన్ యోజనను ప్రారంభించింది. శాస్త్రపరిశోధన వైపు మొగ్గే పిల్లలను ఇంటరు వయసులోనే గుర్తించి విద్యార్థి వేతనమివ్వడం దాని ఆశయం. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ 2011లో పట్టభద్ర తరగతులు తెరిచినప్పుడు ప్రవేశానికి దాన్ని ఒక దారిగా స్వీకరించింది. పరిశోధనాసక్తికీ, ప్రవేశానికీ మనవారూ ముడి వేశారన్నమాట. కాని ఆ ఆసక్తిని మనం కొలిచినది మరల వ్రాతపరీక్షతోనే! దానికీ శిక్షణాలయాలు వెలసినవి. 2022లో ఆ పథకం వేరుగా లేకుండా ఇన్‌స్పైర్ అనే మరొక పథకంలో కలిసిపోయింది. వారు పరిశోధనను అంగడి సరుకు చేస్తే, మనం దానిని ప్రశ్నపత్రం చేశాము. ఎవరిని చూసి ఎవరు నవ్వాలి?

అమెరికా కళాశాలలకు అర్జీ పెట్టే మన పిల్లల విషయంలో మన ఉపాధ్యాయుల ముందు మొహమాటం లేకుండా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. మనవైపు సిఫారసు ఉత్తరం విద్యార్థే వ్రాసుకొని రావడం, ఉపాధ్యాయుడు సంతకం చేయడం చాలచోట్ల పరిపాటి. తీరిక లేక కొందరు, ఇంగ్లీషు మీద అధైర్యంతో కొందరు ఇలా చేస్తున్నారు. పిల్లకు మేలు చేస్తున్నామనే అనుకొంటారు. కాని అక్కడ చదివేవాడికి కావలసినది ఉపాధ్యాయుడు చూసిన ఒక సంఘటన. “ఈ బాలిక కడు తెలివైనది, క్రమశిక్షణ కలది, నాయకత్వ లక్షణాలు కలది” అనే ఉత్తరాలు అతడు రోజుకు ఎన్నో చదువుతాడు. ఒక్కటీ గుర్తుండదు. మన చేతిలో ఉన్న ఒకే సాక్ష్యాన్ని మనమే పారవేసుకొంటున్నాము.

పట్టణంలోని పెద్ద ప్రయోగశాల గుమ్మం దొరకని పిల్లకు పరిశోధన లేదనుకోవడం కూడ పొరపాటు. ఆ కళాశాలలు విద్యార్థి చదివిన బడి పరిస్థితిని కూడ చూస్తవి. అక్కడ దొరకనిది తేలేదని తప్పుపట్టవు. నల్లగొండ ప్రాంతంలోని ఒక ఊరిని తీసుకోండి. బోరు నీటిలోని ఫ్లోరైడు మూలాన పళ్ళు గారలు కట్టి, ఎముకలు వంగిపోయిన మనుషులను అక్కడి పిల్లలు పుట్టినది మొదలు చూస్తూ పెరిగారు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదని హద్దు. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు ప్రపంచ గ్రంథాలలోకి ఎక్కింది. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థ నీరీ దానిని రూపొందించింది. ఏ బావి నీటికి ఎంత పటిక పడుతుందో, వర్షాకాలంలో ఎంత, వేసవిలో ఎంత అని ఒక తొమ్మిదవ తరగతి పిల్ల రెండేండ్లు నోటుపుస్తకంలో వ్రాసుకొంటూ పోయిందనుకోండి. కొలిచే సామానుకు అయ్యే ఖర్చు వేలల్లో తేలుతుంది గాని లక్షలు కాదు. మధ్యలో కొలతలు తప్పుతవి. రెండు నెలలు బడి మూతపడితే ఖాళీలు మిగులుతవి. వచ్చిన ఫలితం మొదట అనుకొన్నదానికి ఎదురుగా ఉండవచ్చును. ఆ పిల్ల ఏ పత్రికలోనూ అచ్చు కాకపోవచ్చును. కాని ఆమెను ఎవరు ఏ ప్రశ్న అడిగినా, అది కంఠమైనా, యంత్రమైనా, తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఆ రెండేండ్లూ ప్రక్కన ఉన్న సైన్సు మాష్టారికి ఆమెను గురించి వ్రాయడానికి విశేషణాలు అక్కరలేదు.

ప్రవేశాల గడువులు అక్కడి పెద్ద కళాశాలలలో ఎక్కువగా జనవరి మొదటి రోజులలో ఉంటవి; తొందరగా పెట్టుకొనేవారికి నవంబరు ఆరంభంలోనే. కనుక ఉత్తరం కావలసిన విద్యార్థి డిసెంబరు ఆఖరు వారంలో కాగితం పట్టుకొని ఉపాధ్యాయుని ఇంటికి పరుగెత్తకూడదు. వేసవి సెలవులు కాగానే, ఆగస్టులోనే వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు తానే వ్రాసుకొన్న పొగడ్త ఉత్తరం కాక, పని చేసిన నోటుపుస్తకం వెంట తీసుకొని వెళ్ళాలి. కొట్టివేతలున్న పుటలు చింపకుండా.